చెల్లని నోటుకు ఒక కైఫీయత్తు

యుద్ధకాలమున అచ్చయిన కాగితపు నోట్లను, సైన్యములు తాము ఆక్రమించిన సీమలలో చలామణి చేసిన చీటీలను సేకరించువారు మన రాష్ట్రమున నానాటికి పెరుగుచున్నారు. వారిని చూచి సంతోషించువారిలో నేనొకడను. కాని ఆ సేకరణము నేడు నడచుచున్న త్రోవను చూచినప్పుడు మాత్రము నాకు సంతోషము కలుగుట లేదు. నాణెముల ప్రదర్శనములలోను వేలంపాటలలోను మడత పడని నోటుకు, చేతి చెమట సోకని నోటుకు, కట్టనుండి అప్పుడే ఊడదీసినట్లు పెళపెళలాడు నోటుకు ఒక ధర. నాలుగు మడతలు పడి, అంచు చిరిగి, వెనుకవైపున ఎవరో పెన్సిలుతో ఏదో లెక్క వేసికొన్న నోటుకు అందులో అతిస్వల్పమైన భాగము. తపాలా బిళ్లల విషయమునను, శాంతికాలమున ప్రభుత్వము వెలువరించిన నోట్ల విషయమునను ఈ తారతమ్యము సమంజసమే కావచ్చును. యుద్ధపు నోటు విషయమున ఇది తలక్రిందులైన న్యాయము. మడత పడని యుద్ధపు నోటు యుద్ధమును చూడనే లేదు. అది ఎవరి ధాన్యమును కొనలేదు, ఎవరి కూలిని తీర్చలేదు, ఎవరిని మోసగించలేదు. గిడ్డంగిలో పండుకొని, ఓడినవారి సామానుతో పాటు గెలిచినవారి చేతబడి, అచ్చటనుండి నేరుగా వ్యాపారి పెట్టెలోనికి వచ్చినది.

మా బుక్కరాయసముద్రము యుద్ధపు లెక్కలు ఎరుగని ఊరు కాదు. మొదటి బుక్కరాయల దివాను చిక్కప్ప ఒడెయరు 1364లో ఇచ్చటి పెద్దచెరువును కట్టించెనని స్థలచరిత్ర చెప్పుచున్నది; ఆ చెరువునకు ఒక ప్రక్క మేము, ఒక ప్రక్క అనంతపురము. తరువాతి కాలమున ఈ సీమను హండే నాయకులు ఏలిరి. వారి చరిత్రను ఇచ్చటివారు తెలుగున వ్రాసిపెట్టగా, చార్లెస్ ఫిలిప్ బ్రౌను దానిని 1853లో రాజుల యుద్ధములను పేర ఆంగ్లీకరించి ప్రకటించెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా మలచిన ముసలమ్మ కథ కూడ ఆ అనంతపుర చరిత్రములోనిదే. ముసలమ్మ త్యాగమును అందరు తలచుకొందురు గాని, ఆ చరిత్రను ఓపికతో చదువువానికి ఎక్కువగా తగులునది పైకపు లెక్క: ఏ దండు ఎప్పుడు వచ్చినది, ఎంత అడిగినది, ఎంతకు మరలినది. 1757లో గుత్తి మురారిరావు అనంతపురముపై విరుచుకొనిపడగా, కొంతకాలము పోరాడి, తుదకు ఏబదివేల రూపాయలు ఇచ్చి అతనిని పంపివేసిరి. ఆ మురారిరావునకు గుత్తిలో టంకసాల ఉండెను. 1776లో మైసూరు హైదరాలీ ఆ గుత్తి దుర్గమును పట్టుకొనెను. అతని కుమారుడు టిప్పు దానికి ఫైజ్ హిసార్ అని పేరు మార్చి, ఆ పేరుతోనే రాగి నాణెములు కొట్టించెను. దుర్గము చేతులు మారినప్పుడెల్ల రైతు సంచిలోని నాణెముపై అక్షరములు మారినవి. కాని రాజు విడిచిపెట్టినను రాగి రాగియే, బంగారము బంగారమే. షరాబు దానిని తూచి ఏదో ఒక వెల కట్టును. కాగితమునకు ఆ దిక్కు లేదు. దానిని ఇచ్చినవాడు ఓడిపోయిన మరునాడు దానితో పొయ్యి రాజేసికొనుట తప్ప వేరు ప్రయోజనము కనబడదు.

కావుననే, కర్నల్ మెకంజీ కొలువులోని పండితులు ఊరూర తిరిగి కరణముల నోట విని వ్రాసికొన్న కైఫీయత్తుల వంటివి, ఈ కాగితములకు కూడ ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి ఉండవలెనని నా వాదము. నోటును దాచుట సేకరణమున సగము; అది ఏ ఇంటినుండి వచ్చినది, ఎవరు ఎచ్చట దేనికి బదులుగా పుచ్చుకొన్నారు, చెల్లదని తెలిసిన తరువాత కూడ ఏల దాచుకొన్నారు అను నాలుగు వాక్యములు తక్కిన సగము. మన సేకర్తలలో ఎక్కువమంది మొదటి సగముతోనే తృప్తిపడుచున్నారు.

అసలు మన దేశమున సామాన్యుని చేతికి కాగితపు ధనమును తెచ్చిపెట్టినదే యుద్ధము. 1914కు పూర్వము పల్లెలలో రూపాయి అనగా వెండి. నోటు అనగా షావుకార్ల వ్యవహారము. యుద్ధమున వెండికి కరువు రాగా, 1917 నవంబరు 30న రూపాయి నోటు, దాని వెంట రెండు రూపాయల ఎనిమిదణాల నోటు బయలుదేరినవి. ఆ రూపాయి నోట్లను ఇరువదియైదేసి చొప్పున చిన్న పుస్తకములుగా కూర్చి ఇచ్చుచుండిరి. వెనుకవైపు దేశభాషల వరుసలో మన తెలుగు అక్షరములు కూడ ఉండెను. వెండికై ప్రభుత్వము పడిన ఆరాటము ఎంతటిదనగా, 1918లో అమెరికావారు పిట్‌మన్ చట్టమను ప్రత్యేక శాసనమునే చేసి, తమ ఖజానానుండి సుమారు ఇరువది కోట్ల ఔన్సుల వెండిని మన దేశమునకు అమ్మవలసి వచ్చినది. యుద్ధము ముగిసి వెండి చేతికి వచ్చిన పిదప, చిన్ననోట్లు అచ్చువేయుట దండుగయని తేల్చి 1926 జనవరి 1 నుండి వానిని ఆపివేసిరి.

ఆ కాలపు నోట్లు ఆంగ్లదేశమున అచ్చయి ఓడలలో వచ్చుచుండెను. 1918 జూలై 2న షిరాల అను ఓడను జర్మను జలాంతర్గామి ముంచివేయగా, సంతకములైనను పడని అయిదు, పది రూపాయల నోట్లు కెరటములకు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినవి. వానిలో హెచ్చుభాగమును ఏరి నాశనము చేసిరి. కొన్ని మాత్రము మనుష్యుల చేతులలో నిలిచినవి. అట్టి పదిరూపాయల నోట్లు రెండు 2024 మే నెలలో లండనులో వేలమునకు వచ్చినప్పుడు మన పత్రికలు కూడ ఆ వార్తను ముచ్చటగా ప్రకటించినవి. ఆ నోట్లకు అంత మన్నన తెచ్చినది కాగితపు నిగనిగ కాదు. ఏ ఓడ, ఏ దినము, ఏ తీరము అను వృత్తాంతము. ప్రపంచపు వేలంశాలలకు తెలిసిన ఈ రహస్యము మన ఊళ్ల పెట్టెలకు ఏల వర్తింపదు?

నిజాము ప్రభుత్వము కూడ ఆ వెండి కరువునందే, 1918లో, కాగితపు ద్రవ్యమునకై చట్టము చేసికొని తన నోట్లను తాను వెలువరించినది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడము, ఆంగ్లము గల ఆ ఉస్మానియా సిక్కా నోట్లను నేటి సేకర్తలు సంస్థానవైభవమునకు గుర్తుగా చూపుదురు. నాకు మాత్రము అవి యుద్ధపు బిడ్డలుగానే కనబడును.

రెండవ యుద్ధమున కథ మరల మొదటికి వచ్చినది గాని, ఈసారి దాని పరిమాణము వేరు. 1940 జూన్‌లో అవసరమునకు మించి నాణెములను కూడబెట్టుట భారతరక్షణ నిబంధనల క్రింద నేరమైనది. ఆగస్టులో రూపాయి నోటు మరల పుట్టినది. అదే సంవత్సరమున రూపాయిలోని వెండి సగమునకు దిగినది. 1943 మార్చి 3న రెండు రూపాయల నోటు వచ్చినది. జపానువారు మన పదిరూపాయల నోట్లకు దొంగనోట్లు తయారుచేయగా, కాగితములోని నీటిగుర్తున ఆరవ జార్జి ప్రక్కముఖమును తీసి ఎదురుముఖమును నిలిపిరి. భద్రతకై నోటులో దారము పొదుగుట ఈ దేశమున అప్పుడే మొదలు. ఇవన్నియు సేకర్తలు కంఠతా చెప్పుదురు. చెప్పవలసినంతగా చెప్పనిది మరియొకటి కలదు. ఆంగ్లప్రభుత్వము తన సైన్యములకై ఇచ్చట కొన్న బట్టకు, ధాన్యమునకు, తోలునకు, కలపకు వెల లండనులో పౌనుల ఖాతాలో జమ కట్టుచుండెను. ఆ జమను చూపి రిజర్వుబ్యాంకు ఇచ్చట నోట్లు అచ్చువేయుచుండెను. 1939 సెప్టెంబరున సుమారు 180 కోట్ల రూపాయలుగా ఉన్న నోట్లు యుద్ధాంతమునకు 1,100 కోట్లు మించినవి. సరకు ఓడలెక్కి పోవుచుండగా కాగితము ఊళ్లలోనికి వచ్చుచుండినప్పుడు ధరలు ఏమగునో అర్థశాస్త్రము చదువనివారికి కూడ నాడు అనుభవమునకు వచ్చినది. బర్మా బియ్యము 1942లో ఆగిపోగా మద్రాసు రాజధాని అంతటను తిండిగింజల కటకట కలిగెను. వరియన్నము పండుగనాడు మాత్రమే ఎరిగి, జొన్నసంకటితోను కొఱ్ఱకూడుతోను బ్రదికిన మా సీమకు ఆ కొరత నేరుగా తగులలేదని పైనుండి చూచువారికి తోచును. బియ్యము దొరకని పట్టణములు జొన్నలకై ఎగబడినప్పుడు జొన్న ధర ఎటు పోవునో వారు ఆలోచింపరు. కనుక జపాను తానాక్రమించిన సీమలలో చలామణి చేసిన నోటు మాత్రమే యుద్ధపు నోటు అనుకొనుట పొరపాటు. మన తాతలు సంతలో మార్చిన 1943 నాటి రెండు రూపాయల నోటు కూడ యుద్ధపు నోటే. యుద్ధకాలపు సంపాదనలలోని నల్లధనమును పట్టుదుమని 1946 జనవరిలో అయిదువందల, వేయి, పదివేల రూపాయల నోట్లను రద్దుచేసిన ఆర్డినెన్సును కూడ ఈ అధ్యాయముననే చేర్చవలెను. కాఠియావాడపు సంస్థానములు చిల్లరకు బదులుగా ఇచ్చిన అట్టముక్కల కూపన్ల సంగతి ఈ సందర్భమున పేరెత్తి విడిచెదను. అవి గుజరాతువారి సొత్తు, వారు వానిని చక్కగానే కాపాడుకొనుచున్నారు.

తెలుగువారి సొత్తు బర్మాలో ఉన్నది. గోదావరి, విశాఖపట్టణ మండలములనుండి కాకినాడ, విశాఖ రేవుల మీదుగా పోయి, రంగూను రేవులో బస్తాలు మోసి, బియ్యపు మిల్లులలో ఊక మ్రింగి, రిక్షాలు లాగి బ్రదికిన మనవారు 1931 జనసంఖ్య నాటికి లక్షన్నర మించి యుండిరి. కోరంగి రేవు పేరిట బర్మావారు వారిని కోరంగీలని పిలిచెడివారు. 1941 డిసెంబరు 23న రంగూనుపై మొదటి బాంబులు పడినవి. 1942 మార్చి 8న ఆ నగరము జపానువారి వశమైనది. లక్షలకొలది భారతీయులు అరకాను కొండదారులను, తమూ మీదుగా మణిపురపు బాటను పట్టి నడచిరి. ఎందరు దారిలో రాలిపోయిరో లెక్క తేలలేదు. నడువలేనివారు, ఓడ టిక్కెట్టు దొరకనివారు, పిల్లల తల్లులు, ముసలివారు ఉండిపోయిరి. ఉండిపోయినవారి చేతికి వచ్చినవే జపాను ప్రభుత్వపు రూపాయి నోట్లు.

ఆ నోట్లను చూచినవారికి వాని సింగారము మొదట ఆశ్చర్యము కలిగించును: తాటిచెట్లు, పగోడాలు, లతల అంచులు, బర్మాకు గుర్తుగా ఆంగ్లమున 'బి' అను అక్షరము, మలయాకు 'ఎం', ఫిలిప్పైన్సుకు 'పి'. ఉండవలసిన ఒక వస్తువు మాత్రము వానిపై లేదు: వరుస సంఖ్య. ఎన్ని అచ్చువేసితిమో తామే లెక్కింపదలపనివారు సంఖ్య ఏల వేయుదురు? 1942లో పావలాకు, అర్ధరూపాయికి, రూపాయికి, అయిదుకు, పదికి నోట్లు వచ్చినవి. 1944 నాటికి నూరు రూపాయల నోటు కూడ కావలసి వచ్చినది. మలయాలో బగాన్ దాతో వంటి తావుల తోటలలో పనిచేయు మన తెలుగు కూలీల చేతికి రూపాయికి బదులు డాలరు నోట్లు వచ్చినవి. పదిడాలర్ల నోటుపై అరటిగెల బొమ్మ యుండుటచే జనము దానిని అరటి డబ్బు అని ఎగతాళి చేసిరి. తోటలనుండి తమిళ, తెలుగు కూలీలను సయాము–బర్మా రైలుమార్గమునకు తరలించినప్పుడు వారి ప్రాణములకు కట్టిన దినవేతనము ఆ అరటి డబ్బులోనిదే.

1945 మేలో ఆంగ్లసైన్యము రంగూనున మరల అడుగుపెట్టినది. జపాను నోట్లు చెల్లవని చాటింపు అయినది. మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ బర్మా అని పైన ముద్ర కొట్టిన మన రిజర్వుబ్యాంకు నోట్లు వానికి బదులు దిగినవి. మూడేండ్లు చెమటోడ్చి సంపాదించిన కాగితము వీథులలో చెత్తయై దొర్లుచుండగా తీసిన చిత్రములు నేటికిని ఉన్నవి. అంతటితో ముగిసినదా? ఉండిపోయిన తెలుగువారికి 1964 మే 17న బర్మాలోని నెవిన్ ప్రభుత్వము ఏబది, నూరు చాట్ల నోట్లను రద్దుచేయుటతో రెండవ దెబ్బ తగిలినది. ఆ దశాబ్దమున కట్టుబట్టలతో తిరిగివచ్చినవారికై విశాఖపట్టణమున వెలసిన బర్మా క్యాంపు పేరు నేటికిని నిలిచియున్నది. అచ్చటి పాతపెట్టెలలో రెండు ప్రభుత్వముల చెల్లని నోట్లు ఒకే గుడ్డలో కట్టియుండుట అసంభవము కాదు.

ఇప్పుడు ఆ 1942 నాటి నోటుపై ఉన్న వాగ్దానమును చూడుడు. దీనిని తెచ్చినవానికి అడిగిన తక్షణము చెల్లింతుమని జపాను ప్రభుత్వము దానిపై ఆంగ్లమున అచ్చువేసినది. అడిగినవారు లేకపోలేదు. ఫిలిప్పైన్సున ఆ నోట్లను మూటలు కట్టి, వానిపై జాప్‌వాన్‌క్యాప్ అను తమ సంఘపు ముద్ర కొట్టించి, న్యాయస్థానములకెక్కినవారు కలరు. వారికి ఏమియు దక్కలేదు. హాంకాంగువారు తమ చేతిలోని సైనిక యెన్ నోట్లకై టోక్యోలో దావా వేయగా 1999 జూన్‌లో అది కొట్టివేయబడినది. బర్మా ప్రభుత్వము 1954లో నష్టపరిహారముగా ఇరువది కోట్ల డాలర్లకు ఒడంబడిక చేసికొన్నది. ఆ సొమ్ము దేశమునకు, నోటు గలవానికి కాదు. మన ప్రభుత్వము 1952 జూన్ 9న జపానుతో ప్రత్యేకముగా సంధి చేసికొని నష్టపరిహారపు హక్కులన్నిటిని విడిచిపెట్టినది. అది నెహ్రూగారి ఉదారత. ఆసియాలో కొత్త స్నేహములకు అది పునాదియైనదనుటలో సందేహము లేదు, నేను దానిని తప్పుపట్టను. అయినను విడిచిపెట్టిన అప్పు ఎవరిదో ఒకసారి తలచుకొనవలెను గదా. రంగూను రేవులో బస్తా మోసిన శ్రీకాకుళపు కూలికి రావలసిన రూపాయి అది. అతనిని ఎవరును అడుగలేదు. అతనికి మిగిలిన పత్రము ఆ నోటొక్కటే. దానిని సేకరించువాడు తెలిసియో తెలియకయో ఒక తీరని బాకీ పత్రమును దాచుచున్నాడు. బాకీ పత్రమును దాచి ఋణదాత పేరు చెరిపివేయుట ఎక్కడి ధర్మము?

మా మండలములోని ఒక పల్లెలో ఒక వృద్ధరైతు తన తండ్రి పెట్టెను నాకు తెరచి చూపెను. ఆ తండ్రి పయొనీరు దళమున చేరి బర్మా దారులలో రాళ్లు పరచి వచ్చినవాడు. పెట్టెలో డిశ్చార్జి కాగితము, ఒక పతకము, జపానువారి పదిరూపాయల నోటు. నోటు నలిగి, మడతలవద్ద దారములు తేలియున్నది. పాత నోట్లు కొను వ్యాపారి ఒకడు దానిని చూచి పెదవి విరిచి, కాఫీ ఖర్చుకైనను చాలని వెల చెప్పి పోయెనట. అది ఎట్లు వచ్చినదని అడిగితిని. సైన్యము రంగూను చేరిన క్రొత్తలో, తెలుగు మాట విని ఒక కూలి దగ్గరకు వచ్చి, పిల్లలకు బిస్కత్తుల పొట్లము అడిగెనట. ఇతడు ఊరకయే ఇవ్వబోగా ఆ కూలి ఈ నోటును చేతిలో పెట్టెనట. "అది చెల్లదని మా నాయనకూ తెల్సు సామీ, ఆ ఇచ్చినాయప్పకూ తెల్సు. అయినా ఊరికే తీసుకునేదానికి ఒప్పుకోల్యా," అని ఆ వృద్ధుడు చెప్పెను. ధర కట్టువారి పట్టికలో ఆ నోటు అధమాధమ శ్రేణిది. అట్టిదే మడత పడనిది కావలెనన్నచో హోటలులో ఒక పూట భోజనపు ఖరీదుకు నేడే తెప్పించుకొనవచ్చును, ఒక్కటి కాదు, పది. ఆ కూలి ఇచ్చినది మాత్రము లోకమున ఒక్కటే కలదు.

సేనలతో దూరదేశములకు పోయిన మనవారి పెట్టెలలో మరికొన్ని జాతుల కాగితములు దొరకును. ఉత్తరాఫ్రికాలో కిరీటముపై సింహము గల బ్రిటిషు మిలిటరీ అథారిటీ నోట్లు, ఇటలీలో 1943నుండి చెల్లిన మిత్రసేనల లీరాలు, మన దేశముననే డెహ్రాడూను, యోలు, భోపాలు శిబిరములలో ఇటలీ, జర్మను బందీలకు ఇచ్చిన అణాల కూపన్లు. ఇవన్నియు సైనికుడు, బందీ, బజారు అను ముగ్గురిని వేరుచేయుటకు పుట్టినవి. బందీకి నిజమైన డబ్బు చిక్కినచో పారిపోవును. కూపనుతో శిబిరపు అంగడి దాటి పోలేడు. మద్రాసు సాపర్ల దళములలోను, రవాణాశాఖలోను పనిచేసిన రాయలసీమవారి ఇండ్లలో వీనికై వెదకవచ్చును.

ఇది పనిలేనివారి వ్యసనమని, యుద్ధమును కీర్తించుటయని అనువారు కొందరు కలరు. మొదటిదానికి నాకు ఉత్తరము లేదు. లోకమున మంచిపనులు అనేకము పనిలేనివారే చేసిరి. రెండవదానికి మాత్రము, జపాను నోటును చేతబట్టి దాని కథ విన్నవాడెవడును యుద్ధమును కీర్తింపలేడని చెప్పగలను. కత్తులు, తుపాకులు, పతకములు దాచువారి విషయమున ఆ భయము కొంత ఉండవచ్చును. ప్రభుత్వము కూడ సేకర్తను గుర్తింపకపోలేదు: 2016లో రద్దయిన నోట్లను గూర్చి 2017లో చేసిన చట్టము, తక్కినవారికి పదినోట్ల మేర విధించి, అధ్యయనమునకు, పరిశోధనకు, నాణెశాస్త్రమునకు ఇరువదియైదింటిని అనుమతించినది. 1972 నాటి పురావస్తువుల చట్టము సామాన్యవస్తువులకు నూరేండ్లు, చారిత్రకమైన విలువగల వ్రాతప్రతులకు పత్రములకు 75 ఏండ్లు మేరగా పెట్టినది. 1917 నాటి రూపాయి నోటు నూరేండ్లు దాటినది. 1942 నాటి నోటు డెబ్బదియైదు దాటినది. అట్టి నోటును పత్రముగా ఎంచవలయునా అనునది న్యాయవేత్తలు తేల్చవలసిన చిక్కు. ఎంచవలెననియే నా పక్షము.

కొనువారికి రెండు మాటలు. ఆజాద్ హింద్ బ్యాంకు 1944 ఏప్రిల్‌లో రంగూనున వెలసినది నిజము. నేతాజీ పిలుపుపై నగలు, నగదు ధారపోసినవారిలో తెలుగువారు ఉన్నదియు నిజము. అతని వెంట జలాంతర్గామిలో పయనించిన ఆబిద్ హసన్ మన హైదరాబాదువాడు. ఆ బ్యాంకు పేరిట నేడు బజారున తిరుగు రంగురంగుల నోట్లలో చాలవానిని నేను నమ్మను. దేశభక్తికి గిరాకి ఉన్నచోట అచ్చుయంత్రము నిద్రపోదు. రెండవది, దొరికిన నోటును మురిపెముతో లామినేషను చేయింపకుడు. చేసినచో విడదీయుట అసాధ్యము. సామాన్యపు ప్లాస్టిక్ తొడుగులు కొన్ని కాలక్రమమున ఆమ్లము విడిచి కాగితమును తినును. ఆమ్లరహితమైన కాగితపు కవరుగాని, మైలారు తొడుగుగాని మేలు. మా సీమకు వానలు కరువైనను ఈ విషయమున అదృష్టము కలదు: ఏడాదికి అయిదారువందల మిల్లీమీటర్లు మించని ఈ పొడినేలపై కాగితము నిలిచినట్లు తుపానుల కోస్తాలో నిలువదు, చెదలను మాత్రము కనిపెట్టి యుండవలెను.

ఇక చేయవలసినవారి సంగతి. అనంతపురపు పురావస్తు ప్రదర్శనశాలలో శిలావిగ్రహములకు, శాసనములకు తావు కలదు. కాగితపు ధనమునకు ఒక అలమార కేటాయించుట కోట్లతో పని కాదు. మా మండలములోని జంతులూరున కేంద్రీయ విశ్వవిద్యాలయము వెలసినది. ఇటుకలపల్లి దారిని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఎప్పటినుండియో ఉన్నది. అచ్చటి చరిత్ర విద్యార్థులు పరీక్షకై సిరాజుద్దౌలా వంశవృక్షమును వల్లించుటతో పాటు, ఒక్కొక్కరు తమ ఊరిలోని ఒక్క పెట్టెను తెరపించి, నోటు ఫొటోతో పాటు ఒక పుట కైఫీయత్తు వ్రాసి తెచ్చినచో, అయిదేండ్లలో ఎట్టి వేలంశాలకును లేని నిధి ఏర్పడును. నోటు ఇంటివారి వద్దనే ఉండనిండు, వృత్తాంతము చాలును. సేకర్తల సంఘములు తమ ప్రదర్శనములలో మడతలేని నోట్లకు ఇచ్చు బహుమానమునకు తోడు, చక్కని కైఫీయత్తు గల నోటుకు కూడ ఒక బహుమానము పెట్టవలెను. వ్యాపారులు తాము కొన్న ఇంటి ఊరిపేరునైనను కవరుపై వ్రాయవలెను. ఆలస్యమునకు వ్యవధి లేదు. 1942లో తల్లుల చంకలు దిగి అరకాను కొండలు నడచిన పిల్లలలో బ్రదికియున్నవారికి ఇప్పుడు తొంబదేండ్ల చేరువ వయస్సు. విశాఖపట్టణమునగాని, శ్రీకాకుళమునగాని, మా పల్లెలలోగాని వారెవరైనను కనబడినచో, పెట్టె తాళము చెవి అడుగుటకు ముందు కుర్చీ లాగికొని కూర్చుండి, ఆ పదిరూపాయలకు నాడు ఎన్ని సేర్ల బియ్యము వచ్చెడివో అడుగుడు.